ముందు బాలాజీ, తర్వాతే ఎవరైనా

మా కంపెనీలో డబ్బులు పెట్టడానికి ఒప్పుకున్నవాళ్ళ లాయరు ఒక మంగళవారం పొద్దున ముంబై నుంచి ఫోన్ చేసి, "మీ వాటాదారుల పట్టికలో బాలాజీ అని ఒకాయన ఉన్నారు, ఆయన పాన్ నంబర్ పంపలేదేం?" అని అడిగింది. నేను అప్పుడు మోంఢాలో, మా నాన్న కొట్టు ముందు, సోయా బస్తా మీద కూర్చుని టీ తాగుతున్నాను. బాలాజీ నా వెనకాలే, గోడ మీది పటంలో, నిన్నటి పూలదండతో ఉన్నాడు. "ఆయన మా కుటుంబానికి చాలా కాలంగా తెలిసినవారు" అన్నాను. ఆమె రాసుకున్నట్టుంది. సాయంత్రంలోగా ఆధార్ కూడా పంపమంది.

ఈ సంగతి అర్థం కావాలంటే ముందు మా నాన్న గురించి, అంటే మా బాపు పళ్ళ గురించి చెప్పాలి.

మోంఢా మా నాందేడ్ ధాన్యం మార్కెట్. బాపుకు అక్కడ అడత్ కొట్టు. రైతు సరుకు తెస్తాడు, బాపు దాన్ని వేలం పెట్టించి అమ్మించి తన కమీషన్ తీసుకుంటాడు. మూడు తరాలుగా మాది ఇదే పని, ఇదే ఊరు. ఇంట్లో తెలుగు, కొట్లో మరాఠీ, కోపం వస్తే దక్కనీ. సోయా గింజలో తేమ ఎక్కువుంటే ధర తగ్గుతుంది. ఎంత తేమ ఉందో బాపు గింజ కొరికి చెబుతాడు. పళ్ళ మధ్య టక్కుమంటే ఒక ధర, మెత్తగా నలిగితే ఇంకో ధర. రైతు వాదించలేడు, ఎందుకంటే పళ్ళు బాపువి. ముఖేడ్ నుంచో బాబ్లీ నుంచో టెంపో కిరాయి పెట్టుకుని వచ్చిన మనిషి సరుకు వెనక్కి తీసుకుపోయి, ఆరబెట్టుకుని, మళ్ళీ తేలేడు. ఇచ్చిన ధర తీసుకుని, లోపల తిట్టుకుంటూ పోతాడు. బాపు అన్యాయం చేసే మనిషి కాదు. కానీ న్యాయమో అన్యాయమో కూడా ఆ పళ్ళకే తెలియాలి.

నేను ఇంజినీరింగ్ చదివి, పుణెలో కొన్నేళ్ళు వేరేవాళ్ళ కంపెనీలకు పని చేసి, తిరిగొచ్చి చేసిందేమిటంటే ఆ పళ్ళకు బదులు ఒక డబ్బా. నిజానికి చేసింది నేను కాదు, నాతో చదువుకున్న కిన్వట్ వైపు మనిషి. అతనికి తీగలూ బోర్డులూ అర్థమవుతాయి, మనుషులు అర్థం కారు. నాకు మనుషులు అర్థమవుతారని అతను నమ్మాడు. అలా భాగస్వాములమయ్యాం. గుప్పెడు గింజలు పోస్తే తేమ ఎంతో చూపిస్తుంది మా డబ్బా. మార్కెట్లో పెద్ద మిషన్లు లేకపోలేదు. మాది ఊళ్ళోనే, టెంపో ఎక్కించకముందే చూసుకునేది. పదిమంది రైతులు కలిస్తే కొనుక్కోగలిగేది.

డబ్బా సరిగ్గా చెబుతోందా లేదా అని మొదట సరిచూసుకున్నది కూడా బాపు పళ్ళతోనే. నలభై గిన్నెల్లో నలభై రకాల గింజలు పోసి ఒకవైపు డబ్బాను, ఒకవైపు బాపును కూర్చోబెట్టాం. ముప్పై ఏడింటికి ఇద్దరిదీ ఒకటే జవాబు. మిగతా మూడింటికి డబ్బాదే తప్పని బాపు అన్నాడు. కిన్వట్ అతను రెండు రోజులు విప్పి చూసి, తప్పు డబ్బాదే అని ఒప్పుకున్నాడు.

"మంచిగనే జేసిన్రు" అన్నాడు బాపు, నీళ్ళు పుక్కిలించి ఉమ్మి. "నా పొట్ట మీదనే గొడ్తున్నవ్ గదనే."

"కొట్టట్లేదు బాపూ. రైతు ఆరబెట్టుకొనే తెస్తడు. నీకు మంచి సరుకే వస్తది."

"గదంత నీ పైసలు పెట్టెటోళ్ళకు చెప్పు. నాకు చెప్పకు. మొదలు నేను పెడ్త. కని ఒక షరతున్నది."

షరతు బాలాజీ. నూటికి రెండు వాటాలు ఆయనవి. ఎప్పుడు ఏ లాభమొచ్చినా మొదట ఆయనవి తీశాకే మిగిలినవాళ్ళవి. రేపు ఎంతమంది కొత్తవాళ్ళు వచ్చి చేరినా ఆ రెండు తగ్గకూడదు. ఇందులో నాకేం వింత అనిపించలేదు. మా బజార్లో దేవుణ్ణి భాగస్వామిగా పెట్టుకోని కొట్టును వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మా కొట్లోనూ ఉన్నాడు. దీపావళి పూజలో మొదట ఆయన భాగం పక్కన పెట్టేవాళ్ళు, వేసవిలో కొండకు పోయి హుండీలో వేసి వచ్చేవాళ్ళు. వింత అనిపించింది ఇంకొకటి. జన్మలో ఎవరితోనూ కాయితం రాసుకోని మనిషి, లారీ లోడు సరుకును ఒక్క మాట మీద ఇచ్చే మనిషి, ఈ రెండు శాతానికి మాత్రం బాండ్ పేపర్ కావాలన్నాడు. సొంత కూతురితో. కిన్వట్ అతను, నేను, బాపు ముగ్గురం సంతకాలు పెట్టాం. వాటాలు బాపు పేరు మీదే ఉంటాయి, బాలాజీ తరఫున. వాటాల పట్టికలో నేను ఇలా రాసుకున్నాను: మా ఇద్దరికీ నలభై చొప్పున, బాపుకు పద్దెనిమిది, బాలాజీకి రెండు.

బాపు డబ్బుతో పాతిక డబ్బాలు అయ్యాయి. తర్వాత నలుగురికి జీతాలు ఇవ్వాల్సి వచ్చింది. బయటి డబ్బు కావాలి.

బయటి డబ్బు ఎక్కడ ఉంటుందో నాకు తెలియదు. తెలిసిన మొదటి పాఠం, దాని దగ్గరికి నేరుగా పోకూడదని. మెయిల్ రాస్తే చూడరు. వాళ్ళకు తెలిసినవాడు ఒకడు, "వీళ్ళు మంచివాళ్ళు, ఒకసారి మాట్లాడండి" అని చెప్పాలి. ఆ చెప్పేవాడికి తెలిసినవాడు మనకు తెలిసి ఉండాలి. పుణెలో నా పాత మేనేజరు నుంచి మొదలుపెట్టి, నలుగురు చేతులు మారి, హైదరాబాదులో ఒక పెట్టుబడిదారుల బృందం దగ్గర తేలాను. ఇదంతా బాపుకు చెబితే ఆశ్చర్యపోలేదు.

"పిల్లకు సంబంధం చూసినట్టే. నడుమ మనిషి లేకుంట ఎవలు నమ్ముతరు?" అన్నాడు.

ఆ బృందంలో ఇరవైమంది దాకా ఉన్నారు. ఒక్కొక్కరు కొద్దికొద్దిగా వేస్తారు. ఒక శనివారం కంప్యూటర్ తెర మీద అందరూ చిన్న చిన్న కిటికీల్లో కూర్చున్నారు. నాకు పన్నెండు నిమిషాలు ఇచ్చారు. ఒకాయన ఆ పన్నెండు నిమిషాలూ ఇడ్లీ తిన్నాడు. డబ్బా సరిగ్గా పనిచేస్తుందని ఎలా నిరూపించారు అని ఒకామె అడిగింది. నలభై ఏళ్ళ అనుభవమున్న నిపుణుడితో పోల్చి చూశామన్నాను. నిపుణుడి విద్యార్హత ఏమిటంది. పళ్ళు అని చెప్పలేదు.

చివర్లో అందరూ బాగుందన్నారు. ఒక్కరూ డబ్బు పెడతామనలేదు. కారణం తర్వాత తెలిసింది. ఎవరో ఒకరు మొదట ముందుకు వచ్చి షరతులు మాట్లాడాలట, అప్పుడే మిగతావాళ్ళు వెనక చేరతారట. ఇది నాకు కొత్త కాదు. మోంఢాలో కూడా మొదటి పాట ఎవరూ పాడరు. అందరూ కుప్పలో చెయ్యి పెట్టి, గింజ కొరికి, ఆకాశం చూస్తారు. ఒకడు నోరు విప్పాడంటే మిగిలినవాళ్ళకు ఆ సరుకు మీద ఎక్కడ లేని ప్రేమ పుట్టుకొస్తుంది. మూడు వారాల తర్వాత ఒక పెద్దమనిషి నోరు విప్పాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో చాలా ఏళ్ళు చేసి మానేసినవాడు, మర్యాదస్తుడు, నన్ను కూడా "అండి" అనేవాడు. ఆయన వెనక ఇంకో తొమ్మిదిమంది చేరారు. ఇడ్లీ ఆయన కూడా చేరాడు.

మా కంపెనీ విలువ ఎంతో ముందు తేల్చాలన్నారు. అప్పటికి మేం అమ్మిన డబ్బాలు పదిహేడు, లాభం సున్నా. ఆయన ఒక అంకె చెప్పాడు, నేను ఇంకో అంకె చెప్పాను, మధ్యలో ఒకచోట ఆగాం. ఆ అంకె విని కిన్వట్ అతను భయపడ్డాడు. బాపు మాత్రం, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట" అని, మళ్ళీ గింజలు కొరుక్కుంటూ కూర్చున్నాడు. కానీ ఆ రోజు కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ ఆ అంకె చెప్పాడు.

టర్మ్ షీట్ ఎనిమిది పేజీలు వచ్చింది. బాపు కోసం నేను ఒక్కో షరతు తెలుగులో చదివి వినిపించాను. మొత్తం విన్నాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "బయానా ఎంతిస్తున్నరు?"

"బయానా ఉండదు బాపూ. అడ్వాన్సేం ఇయ్యరు."

"బయానా లేకుంట బేరమేంది?"

"ఇది బేరం కాదు. బేరం ఇట్ల చేద్దామనుకుంటున్నమని చెప్పే కాయితం. దీనికి వాళ్ళు కట్టుబడరు."

"మరి మనం?"

మేం ఒక్క విషయానికి కట్టుబడాలి. నలభై ఐదు రోజులు ఇంకెవరితోనూ డబ్బు మాట మాట్లాడకూడదు. వాళ్ళు ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చు. బాపు ఇది విని చాలాసేపు మెచ్చుకోలుగా తల ఊపాడు. ఇంత మంచి షరతు తనకు ఇన్నేళ్ళలో ఎందుకు తట్టలేదా అని ఆలోచిస్తున్నట్టు కనిపించాడు. తర్వాత బయటికి పోయి రెండు కిలోల పేడాలు తెప్పించి వరుసగా అన్ని కొట్లకూ పంచాడు. మాట అయిందంటే అయినట్టే, మోంఢాలో అంతే. కట్టుబాటు లేని మాట అనేది ఒకటి ఉంటుందని నేను ఎంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు. దాంతో ఇక వెనక్కి తగ్గే దారి మూసుకుపోయింది, పేడాలు తిన్నవాళ్ళందరూ రోజూ "కాయ్ ఝాలం?" అని, పని ఏమైందని అడగడం మొదలుపెట్టారు.

లెక్క ఇలా ఉంది. దసరా ముందు సోయా దిగుతుంది. అప్పటికి రెండు వందల డబ్బాలు చేతిలో ఉండాలి. ఉండాలంటే పోళాకల్లా, అంటే ఎడ్ల పండగకల్లా, విడిభాగాలకు డబ్బు కట్టాలి. పోళా దాటితే సీజన్ పోయినట్టే. సీజన్ పోతే మళ్ళీ ఏడాది దాకా ఆ డబ్బాతో ఎవరికీ పని లేదు, నలుగురి జీతాలు మాత్రం నెలనెలా ఉంటాయి. అంటే కంపెనీ మూత. నేను మళ్ళీ పుణె.

ఇక కాయితాలన్నీ పంపమన్నారు. నేను ఎంత తెలివితక్కువదాన్నంటే, అడిగినవన్నీ పంపి, అడగనిది కూడా పంపాను. బాలాజీ బాండ్ పేపర్‌ను చక్కగా స్కాన్ చేసి, దానికో నంబరు వేసి పెట్టాను. అందుకే ఆ మంగళవారం ఫోన్.

ఆయన మనిషి కాదని రెండో రోజు చెప్పేశాను. లాయరు నవ్వలేదు. దేవుడు కూడా చట్టం ముందు మనిషే, ఆస్తి ఉండవచ్చు, ఫర్వాలేదు అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే ఆ గుడి ట్రస్టు వాళ్ళు సంతకం పెట్టాలి, ఏ గుడి అని అడిగింది.

"ఏ గుళ్ళో బాలాజీ బాపూ?" అని అడిగాను.

"ఏ గుడేందే? మన కొట్ల ఉన్నడు గదా, గాయన."

కొట్లోని పటానికి ట్రస్టు లేదని లాయరుకు చెప్పాను. అయితే తీసేయండి అంది. బాపు తీయనన్నాడు. హైదరాబాద్ పెద్దమనిషి తానే మాట్లాడతానన్నాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి బస్తా మీద ఉంచాను.

"నమస్కారమండీ. మేం దేవుణ్ణి కాదనట్లేదు సార్. మేమూ ఏటా కొండకు వెళ్తాం. కానీ కంపెనీ రేపు అమ్ముడుపోతే ముందు మా పెట్టుబడి మాకు రావాలి, ఆ తర్వాతే ఎవరికైనా. అది అందరికీ ఉండే రూలండి."

"మాకాడ గూడ గదే రూల్ సార్" అన్నాడు బాపు వినయంగా. "మొదలు ఒకరివి తీసినంకనే మిగిలినోళ్ళయి. గా ఒకరెవలన్నదే మన లొల్లి."

"అలాగే కొత్తవాళ్ళు వచ్చినప్పుడు అందరి వాటా తగ్గుతుంది. ఆయనది ఒక్కటే తగ్గకూడదంటే ఎలాగండి?"

"మీది గూడ తగ్గద్దని రాస్కున్నరట గద, మా బిడ్డ చదివి చెప్పింది."

"అది వేరండి, మేం పెట్టుబడి పెట్టాం. దేవుడు ఏం పెట్టాడు?"

"వాన" అన్నాడు బాపు. "వాన లేకుంటె సోయా ఏడిది, మీ డబ్బా ఏడిది?"

అవతల నవ్వు వినిపించింది. ఆయన, మీరు చెప్పింది నిజమే సార్, నాకైతే అభ్యంతరం లేదు, లాయరుగారితో మాట్లాడతాను అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు. లాయరు వరమివ్వలేదు. ఆమె చెప్పిన చివరి మార్గం ఒక్కటే. ఆ రెండు శాతం వ్యవస్థాపకుల్లో ఒకరి పేరు మీదికి మార్చండి, బాండ్ పేపర్ రద్దు చేయండి, ఆ తర్వాత వాళ్ళు తమ సొంత డబ్బుతో ఎవరికి ఏం ఇచ్చుకున్నా మాకు పట్టదు.

ఇది బాపుకు ఒకసారి చెప్పి చూశాను. ఒక్క ముక్కలో తేల్చేశాడు. "దేవునిది మనిషి పేరు మీద ఉంటే గది మనిషిదే అయితది." లేచి గోదాములోకి పోయాడు.

పోళాకు పదకొండు రోజులు మిగిలాయి. నేను చేసిన పని ఇక్కడ రాయక తప్పదు. మార్పిడి కాయితం తయారు చేయించాను, నా పేరు మీదికి. రద్దు కాయితం కూడా. మిగతా అరవై పేజీల మధ్యలో ఆ రెండూ ఉన్నాయి. కిన్వట్ అతనికి మాత్రం చెప్పాను.

"కాకాకు చెప్పు" అన్నాడతను. బాపును అతను అలాగే పిలుస్తాడు.

"సీజన్ అయినంక చెప్తా."

"ఇప్పుడే చెప్పు. తర్వాత చెప్తే మనం చెప్పినట్టు కాదు, ఆయన పట్టుకున్నట్టు అయితది." మనుషులు అర్థం కారని నేను అనుకున్న మనిషి అన్న మాట ఇది. నేను వినలేదు. నాకు కోపం కూడా వచ్చింది. సున్నాలో రెండు శాతం గురించి ఇంతమంది నన్ను ఇంత సతాయిస్తున్నారని.

ఊళ్ళోనే, వజీరాబాద్‌లో మా సీఏ ఆఫీసులో సంతకాలు. ఎక్కడ పెట్టాలో చూపించే పసుపు చీటీలు అంటించి ఉన్నాయి. బాపు మరాఠీ చదువుతాడు, తెలుగు కూడబలుక్కుంటాడు, ఇంగ్లీషు జోలికి పోడు. పెన్ను తీసుకుని నా వైపు చూశాడు.

"బాలాజీది ఉన్నదా బిడ్డా?"

"ఉన్నది బాపూ."

అబద్ధం కాదు. ఉంది. ఎవరి పేరు మీద అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఇలాంటి జవాబులు నేను పుణెలో నేర్చుకోలేదు. చిన్నప్పుడు బస్తాల మీద కూర్చుని, బేరాలు వింటూ, మోంఢాలోనే నేర్చుకున్నాను. బాపు ఒక్కో పసుపు చీటీ దగ్గర దేవనాగరిలో నింపాదిగా సంతకం పెట్టుకుంటూ పోయాడు. ఒక్క పేజీ కూడా చదవమని అడగలేదు.

డబ్బు వచ్చింది. విడిభాగాలు వచ్చాయి. కిన్వట్ అతను, నలుగురు కుర్రవాళ్ళు పగలంతా కూర్చుని డబ్బాలు బిగించారు. దసరాకు నూట డెబ్బై దాకా ఊళ్ళలోకి పోయాయి. కొందరు రైతులు నిజంగానే ఆరబెట్టుకుని తెచ్చారు. ఒకాయన డబ్బా చూపించిన అంకెను చేతి మీద పెన్నుతో రాసుకుని వచ్చి బాపు ముందు చెయ్యి చాపాడు. బాపు గింజ కొరికి, చెయ్యి చూసి, "బరోబర్" అన్నాడు. ఆ రోజు నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. లాభం మాత్రం రాలేదు, మా వ్యాపారంలో మొదటి కొన్నేళ్ళు అది రాకూడదట.

దీపావళి అయ్యాక ఒక మధ్యాహ్నం కొట్టుకు పోయాను. వేలాలు అయిపోయాయి, హమాలీలు అన్నానికి పోయారు. బాపు ఒక్కడే కూర్చుని చిరిగిన బస్తాను దబ్బనంతో కుడుతున్నాడు. తల ఎత్తలేదు.

"పన్ను పని మీద సీఏ కాడికి పోయిన. బిడ్డకు రెండు వాటాలు రాసిచ్చిన్రు, మంచి పని జేసిన్రు అన్నడు."

నా దగ్గర జవాబులు తయారుగా ఉన్నాయి, నెలల నుంచి అల్లిపెట్టుకున్నవి. అన్నీ ఒకేసారి బయటికి వచ్చాయి. "పైసలు ఆగిపోతుండె బాపూ. పోళా దాటితే సీజనే పోతుండె. నలుగురి జీతాలున్నయి. నేనేం తినను గద వాటిని. కంపెనీ అమ్మినప్పుడు ఆయనవి ఆయనకు ఇచ్చేద్దామనే అనుకున్న."

"ఇచ్చేద్దామనే అనుకున్నవు."

"అవును."

"నేను గూడ గట్లనే అనుకున్న" అన్నాడు.

దబ్బనం పక్కన పెట్టాడు. "నీ ఇంజినీరింగ్ రెండో ఏడు. వానల్లేవు, మోంఢాల సరుకే లేదు. నీ ఫీజు కట్టాలె. ఎవన్నడిగినా ఇస్తుండె, కని అడగబుద్ధి గాలే. బాలాజీవి తీసిన. ఆయన వద్దనలే. ఆయన వద్దనడు గద."

"మల్ల పెట్టలేదా?"

"వచ్చే సీజన్ల పెడ్దామనుకున్న. వచ్చే సీజన్ల ఇల్లు గారుతుండె. ఆ పై ఏడు ఇంకోటి. మొదటిసారి పటం దిక్కు చూడలేకపోయిన బిడ్డా. రెండోసారి చూసుకుంటనే తీసిన. మూడోసారికి తీస్తున్నట్టు గూడ యాదికి లేకుండె."

కొండకు పోవడం ఆయన అప్పుడే మానేశాడు. మోకాళ్ళ నొప్పులన్నాడు. డబ్బు తెలిసినవాళ్ళతో పంపుతున్నానన్నాడు. గోదాము మెట్లు రోజుకు ఇరవైసార్లు ఎక్కి దిగే మనిషికి మోకాళ్ళ నొప్పులేమిటని నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అనుకోలేదు.

"మరి మా కంపెనీల ఎందుకు పెట్టమన్నవ్?"

"నీదన్న సక్కగ మొదలైతదని. ఊరంత నా మాట మీద నడుస్తది. గీ ఒక్క విషయంల నా మాట మీద నాకే నమ్మకం లేకుండె. అందుకే బాండ్ పేపర్ రాయించిన."

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు అది, వేరే పేరు పెట్టను. నా చదువు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజు తెలిసింది, ఆ చదువుతో నేను చేసిందేమిటో కూడా. తిడతాడేమోనని చూశాను. తిడితే బాగుండేది. మళ్ళీ బాండ్ పేపర్ రాసిస్తానన్నాను, రేపే, నా సొంత వాటాల మీద.

"కాయితం వద్దు. కాయితం ఉండంగనే గింత దూరం అచ్చింది" అన్నాడు. మళ్ళీ దబ్బనం తీసుకున్నాడు. "నేను తిన్నప్పుడు నన్ను అడిగెటోడు లేకుండె. నీకు నేనున్న. నెలకోసారి వచ్చి చెప్పు."

అప్పటి నుంచి నెలకు రెండు నివేదికలు. ఒకటి హైదరాబాద్ బృందానికి మెయిల్‌లో. అందులో అమ్మకాలు ఆశాజనకంగా ఉంటాయి, ఆలస్యాలు తాత్కాలికంగా ఉంటాయి, నష్టం పేరు మార్చుకుని ఉంటుంది. రెండోది కొట్లో, బస్తా మీద కూర్చుని.

"గీ నెల?"

"నష్టమే బాపూ."

"బాలాజీవి?"

"ఉన్నయి. ముట్టుకోలే."

అంతే. టీ చెబుతాడు. తాగి వచ్చేస్తాను.

పోయిన నెల అలా జరగలేదు. ఒకాయన, ఇడ్లీ ఆయనే, నా పేరు మీదున్న వాటాల్లోంచి ఒక రెండు శాతం తనకు అమ్మితే రొక్కం ఇస్తానన్నాడు. జీతాలు పది రోజులు ఆలస్యమైన నెల. సరిగ్గా బాలాజీవి ఎన్నో అన్నే. అమ్మినా ఎవరికీ తెలియదు, అవి ఆయనవని ఏ కాయితం మీదా లేదు, చట్టం ప్రకారం నావే. వద్దని చెప్పేశాను. ఆ తర్వాత కొట్టుకు పోయాను.

"బాలాజీవి?" అని అడిగాడు బాపు.

"ఉన్నయి" అన్నాను. అక్కడ ఆగిపోవచ్చు. ఆగలేకపోయాను. "ముట్టుకోలే. కని ముట్టుకుందామనుకున్న."

బాపు నోట్లో ఉన్న గింజను కొరకడం ఆపాడు.

"ఎన్ని రోజులనుకున్నవ్?"

"రెండు రోజులు."

గింజను అరచేతిలోకి ఉమ్మేశాడు.

"నేను ఒక్క పూట గూడ అనుకోకుంటనే తీసిన" అన్నాడు. "నువ్వే నయం."